బొటనవేలి గాలి

సెబాస్టియన్ కుడికాలి బొటనవేలిని చూసిన కొత్తవాళ్ళు ఒకసారి ఆగి మళ్ళీ చూసేవాళ్ళు. మిగతా నాలుగు వేళ్ళదీ ఒక దారి, దానిదొక దారి. పక్కకి ఒరిగిపోయి, మొదలు చుట్టూతా నల్లగా కాయ కాచి ఉండేది. పుట్టుకతో వచ్చింది కాదది. ముప్పై ఏళ్ళు పంకా లాగితే వచ్చింది.

యానాంలో ఫ్రెంచి దొరల బంగళాలు కొన్ని ఉండేవి. వాటిల్లో ఒకదాంట్లో దొరగారి గదిలో దూలానికి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పెద్ద గుడ్డ పంకా వేలాడేది. దాని తాడు కప్పీ మీదుగా వెళ్ళి, గోడకున్న కన్నంలోంచి వెనక వరండాలోకి దిగేది. ఆ తాడు కొస సెబాస్టియన్ బొటనవేలికి. గోడకి అవతల దొర, ఇవతల సెబాస్టియన్. పొద్దున్న ఎనిమిదింటికి వెల్లకిలా పడుకుని కాలు ఆడించడం మొదలుపెడితే పొద్దువాలే దాకా అదే పని. పడుకుని చేసే ఉద్యోగం ఎంత సుఖమో అనుకునేరు! ఒక్క పూట చేసి చూడండి, తొడలూ పిక్కలూ పట్టేసి కూలబడతారు.

ఆయనకి నిద్రలో కూడా కాలు ఆగేది కాదని భార్య జోసెఫిన్ ప్రమాణం చేసి చెబుతుంది. పెళ్ళయిన కొత్తలో మొగుడి కాలు ఒక్కటే ఊగుతుంటే గాలి సోకిందనుకుని హడలిపోయి, తెల్లారగానే చర్చి ఫాదరు గారి దగ్గరికి పరిగెత్తిందట. ఆయన సంగతంతా విని, "గాలి సోకడం కాదమ్మా, గాలి విసరడం" అని నవ్వి పంపించేశారట.

అలా ముప్పై ఏళ్ళు గడిచాయి. దొరలు మారారు, పంకా గుడ్డలు మారాయి, వేలు మాత్రం అదే. 1954లో ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయారు. ఊరంతా జెండాలు, ఊరేగింపులు. సెబాస్టియన్ కూడా అందరితోపాటు వెళ్ళి జై కొట్టి వచ్చాడు. ఇంటికొచ్చాక గానీ తన కాలికి ఇక పని లేదన్న సంగతి తట్టలేదు. సంతోషించాలో ఏడవాలో తెలియక ఆ పూట అన్నం తినకుండా కూర్చున్నాడు.

చివరి దొరగారి భార్యని అందరూ మదాం అనేవాళ్ళు. ఆవిడకో కుక్క ఉండేది, నేజ్ అని. నేజ్ అంటే వాళ్ళ భాషలో మంచు. తెల్లగా, ఒళ్ళంతా జానెడు బొచ్చుతో ఉండేది. మంచు అని పేరు పెట్టి యానాంలో పెంచారు దాన్ని, చూడండి విడ్డూరం! ఎండాకాలమంతా పంకా కింద, తడిపిన వట్టివేళ్ళ తడికల మధ్య, నున్నటి గచ్చు మీదే పడుకునేది. గుమ్మం దిగి ఎరగదు. వెళ్ళిపోయేనాటికి దానికి తొమ్మిదేళ్ళు. ముసలిది, ఓడ ప్రయాణానికి తట్టుకోలేదన్నారు. మదాం దాన్ని తెచ్చి సెబాస్టియన్ చేతుల్లో పెట్టి, వచ్చీరాని తెలుగులో, "సెబాస్టియన్, దీనికి ఎండ పడదు. ఎండలో చావనివ్వకు" అంది. అని కళ్ళొత్తుకుంది. సెబాస్టియన్ "వుయ్ మదాం" అన్నాడు, అలాగేనమ్మా అని. ఆ రెండు ముక్కలే అన్నాడు గానీ, సెబాస్టియన్ మాటిచ్చాడంటే ఇచ్చినట్టే.

కుక్కని చంకనెత్తుకుని ఫరంపేటలో తన తాటాకింటికి వస్తే జోసెఫిన్ గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

"ఏంటయ్యా ఇది?"

"కుక్కే."

"కుక్కని నాకూ తెలుత్తుంది. మనకే గంజి లేదంటే దొరల కుక్కని తెచ్చావా? దీనికేం పెడతావ్, రొట్టి ముక్కలా?"

"మనం తినేదే తింటది. మాటిచ్చేసేనే."

"మాటిచ్చేవాడికి మాటలే, వండేదాన్ని నేను గదా!" అని జోసెఫిన్ విసవిసా లోపలికి పోయింది. పోయి, ఓ మూకుట్లో నీళ్ళు తెచ్చి ఠపీమని కుక్క ముందు పెట్టింది. జోసెఫిన్ కోపాలన్నీ అలాగే ఉంటాయి.

వానాకాలం, చలికాలం బాగానే వెళ్ళిపోయాయి. నేజ్ చేపల పులుసన్నానికి అలవాటుపడింది, ఫరంపేట కోళ్ళకి భయపడటం నేర్చుకుంది. సెబాస్టియన్ తాటాకు విసనకర్రలు కట్టి, వట్టివేళ్ళ తడికలు అల్లి, పేటలోనూ బజారులోనూ ఇచ్చుకునేవాడు. గాలి పని తప్ప మరో పని చేతకాదు మరి. జోసెఫిన్ ఎప్పటిలాగే నలుగురిళ్ళలో వడ్లు దంచేది. అసలు పరీక్ష ఎండాకాలంతో వచ్చింది.

యానాం ఎండ ఒట్టి ఎండ కాదు. పక్కనే గోదావరి, అవతల సముద్రం. గాలిలో తడి నిలిచిపోయి, చెమట ఒంటిమీదే ఉడికిపోతుంది. చైత్రం దాటగానే నేజ్ నాలుక బయటపెట్టి రొప్పడం మొదలెట్టింది. కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుకతోనే వేడి దింపుకోవాలని సెబాస్టియన్‌కి తెలుసు. దొరల ఇంట్లో కుక్కల సేవ చూసి చూసి నేర్చుకున్నాడు. అందుకని పూటకి మూడుసార్లు మూకుట్లో నీళ్ళు మార్చేవాడు. కుండలు పెట్టే చోట నేల ఎప్పుడూ చల్లగా ఉంటుందని అక్కడే చిన్న గుంట తవ్వి దాని పడక చేశాడు. షికారు తెల్లారకముందే కానిచ్చేవాడు. ముంజెలు దొరికితే ముందు నేజ్‌కి, తరవాత జోసెఫిన్‌కి. ఆ వరస జోసెఫిన్‌కి నచ్చేది కాదని వేరే చెప్పాలా!

"ఆ బొచ్చంతా గొరిగించేయరాదూ, చల్లగా ఉంటాది" అంది ఓసారి.

"వద్దే. ఆ బొచ్చే దాని గొడుగు. గొరిగితే ఎండ సూటిగా తోలుకి తగుల్తాదని మదాం చెప్పేది. చిక్కులు లేకుండా దువ్వితే చాలు."

"ముప్పయ్యేళ్ళ కాపరంలో నా తల ఎన్నడన్నా దువ్వేవా?" అని జోసెఫిన్ దువ్వెన తెచ్చి విసిరింది. ఆయన నవ్వి కుక్కని దువ్వాడు.

ఇలా అన్నీ తెలిసినవాడే. ఎండ గురించి నాకు తెలియంది ఏముంది అని కాస్త గర్వం కూడా ఉండేది. ఆ గర్వమే కొంప ముంచింది.

రోహిణి కార్తె వచ్చింది. ఇంట్లో కూడా నేజ్ తాళలేకపోతోంది. గుమ్మానికి వట్టివేళ్ళ తడిక కట్టి తడుపుతుంటే బంగళాలో ఉన్నట్టే ఉంటుంది కదా అని సెబాస్టియన్‌కి ఆలోచన వచ్చింది. ఇంట్లో ఉన్న వట్టివేళ్ళన్నీ బేరాలకే అయిపోయాయి. పడవ నడిపే వెంకన్నకి చెబితే, లంకల నుంచి ఓ కట్ట తెచ్చి రేవులో ఇస్తానన్నాడు.

మర్నాడు ఇంకా చీకటుండగానే సెబాస్టియన్ రేవుకి బయలుదేరాడు. నేజ్ వెంటపడింది. కట్టేస్తే గొంతు పోయేలా ఏడ్చింది.

"తీసుకుపో, ఎండెక్కేలోగా వచ్చేయొచ్చు" అంది జోసెఫిన్.

చల్లటి దుమ్ములో ఇద్దరూ హాయిగా నడిచి వెళ్ళారు. ఏడింటికి రావలసిన పడవ ఏడింటికి రాలేదు. ఎనిమిదింటికీ రాలేదు. పాటు వేళ నీళ్ళు లాగేసి, పడవ నది మధ్య ఇసక మేట మీద కూర్చుండిపోయింది. పోటు మళ్ళితే గానీ కదలదు. ఇద్దరూ రేవు మెట్ల పక్క పాక నీడలో కాచుకున్నారు. వెంకన్న వచ్చి కట్ట చేతికిచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది.

"ఇక్కడే కూకో బాబాయ్, సల్లబడ్డాక ఎల్దువు గాని" అన్నాడు వెంకన్న.

సెబాస్టియన్ కూర్చునేవాడే. ఇంటి దగ్గర జోసెఫిన్ కంగారు పడుతుందని, రెండు అడుగుల దూరమేనని, చెట్ల నీడన పోవచ్చని ఏవేవో లెక్కలేసుకున్నాడు. పైగా జాగ్రత్త గల మనిషి! నీడలోంచి బయటికొచ్చి, రోడ్డు మీద కాలు పెట్టి చూశాడు. పాదం మొత్తం ఆనించి కాసేపు నిలబడ్డాడు. ఏమంత కాలలేదు. "పర్లేదు, నడిచిపోవచ్చు" అనుకుని నేజ్‌ని పిలిచాడు.

నేజ్ నాలుగడుగులు వేసింది. ఆగింది. ఒక కాలు ఎత్తింది, దించి ఇంకో కాలు ఎత్తింది. ఆయన ముసలితనం అనుకున్నాడు. "రా తల్లీ, రా, నాలుగడుగులే" అని బుజ్జగించాడు. పిలిస్తే రాకుండా ఉండదది, పాపం. ఆయన వెనకే ఇంకో ఇరవై గజాలు వచ్చింది. నడిరోడ్డు మీద వెనక కాళ్ళు వంకర పోయి కూలబడింది. నోట్లోంచి తీగలు తీగలుగా చొంగ. కళ్ళు ఎర్రబడి ఎటో చూస్తున్నాయి. లేపబోతే గిర్రున తిరిగి పక్కకి పడిపోయింది.

"పిచ్చికుక్క! పిచ్చికుక్కరోయ్!" అని పడవ దిగిన జనంలోంచి ఎవరో కేక పెట్టారు.

అంతే. ఆడవాళ్ళు వెనక్కి పరిగెత్తారు, మగవాళ్ళు చేతికందింది పట్టుకుని ముందుకొచ్చారు. ఎండాకాలంలో చొంగ కారుస్తూ తూలే కుక్క ఏ ఊళ్ళో కనిపించినా జరిగేది అదే. వాళ్ళని తప్పు పట్టడానికీ లేదు, పిచ్చికుక్క కరిచి పోయిన మనుషుల్ని చూసినవాళ్ళు. వెంకన్న కూడా పడవ తెడ్డు ఎత్తుకుని వచ్చాడు.

"పక్కకి తప్పుకో బాబాయ్!"

"పిచ్చి కాదురా, ఎండదెబ్బ!"

"నీళ్ళు చూపించండి, తాగకపోతే పిచ్చే" అన్నారొకరు. ఎవరో చెంబు తోశారు. నేజ్ మూతి దగ్గర పెట్టినా తాగలేదు. తాగే స్థితిలో ఉందా అది! జనం గుసగుసలు పోయారు. వెంకన్న తెడ్డు పైకి లేపాడు.

సెబాస్టియన్ మోకాళ్ళ మీద కూలబడి, తన కుడిచెయ్యి తీసుకెళ్ళి నేజ్ నోట్లో పెట్టేశాడు. మణికట్టు దాకా.

"ఇదిగో పెట్టేను. పదేళ్ళ నుంచి దీన్ని ఎరుగుదును. ఇది పిచ్చిదైతే ముందు పోయేది నేనే. ఇప్పుడు కొట్టరా, నన్నూ కలిపి కొట్టు" అన్నాడు.

నేజ్ కరవలేదు. ఆ చేతిని ఎరిగినట్టు ఒక్కసారి నాలుక కదిపింది. వెంకన్న తెడ్డు దించేశాడు. "అయ్య బాబోయ్, ఏం మడిసివి బాబాయ్ నువ్వు!" అని తెడ్డు అవతల పారేసి, తనే వంగి కుక్క వెనక కాళ్ళు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని రేవు పాక నీడలోకి మోసుకొచ్చారు.

ఇక అక్కడ సెబాస్టియన్ పనితనం చూడాలి. ఎవరో గొంతులో నీళ్ళు పొయ్యబోతే చెయ్యి పట్టుకు ఆపాడు, తెలివి లేనిదానికి పోస్తే ఊపిరికి అడ్డం పడతాయని. గోదావరి నీళ్ళు తెచ్చి పొట్ట కింద, తొడల సందుల్లో, చెవుల మీద బొచ్చు తడిసి తోలుకి అందేలా పోశాడు. తడిపితే చాలదు, తడికి గాలి తగిలితేనే చలవ. ముప్పై ఏళ్ళ చదువు అది. విసరడానికి చేతిలో ఏమీ లేదు. వట్టివేళ్ళ కట్ట కనిపించింది. దాన్ని నీళ్ళలో ముంచి, దులిపి, కుక్క మీద విసరడం మొదలుపెట్టాడు. రేవంతా వట్టివేళ్ళ వాసన కమ్ముకుంది. బంగళాలో తొమ్మిదేళ్ళు పీల్చిన వాసన. అందుకో మరెందుకో, చాలాసేపటికి నేజ్ కళ్ళు తిప్పి ఆయన్ని చూసింది. ఇంకాసేపటికి చేతిలో పోసిన నీళ్ళు నాలుగు చుక్కలు నాకింది. సెబాస్టియన్ ఏడ్చేశాడు. అంతమందిలోనూ సిగ్గుపడలేదు.

పొద్దు వాలాక వెంకన్న తడిగోనె మీద దాన్ని మోసి ఫరంపేట దాకా దిగబెట్టాడు.

జోసెఫిన్ సంగతంతా వింది. కుక్క పక్కన కూర్చుని ఒళ్ళంతా తడిమింది. పాదం దగ్గరికి వచ్చేసరికి నేజ్ మూలిగింది. జోసెఫిన్ దీపం బుడ్డి దగ్గరికి జరిపి చూసింది. నాలుగు పాదాలూ బొబ్బలే. ఒకచోట తోలు ఊడి ఎర్రగా ఉంది.

"కాళ్ళు కాలిపోయినియ్యయ్యా దీనికి!"

"ఎలా కాల్తాయే? నేను కాలు పెట్టి చూసేకే నడిపించేను."

"ఏ కాలు పెట్టేవ్?"

సెబాస్టియన్ తన పాదం చూపించాడు. పుట్టిన దగ్గర్నుంచీ చెప్పెరగని పాదం. జోసెఫిన్ ఆ మడమ పట్టుకుని గోరుతో గట్టిగా గిచ్చింది. ఆయన ఇంకా ఆమె మొహంకేసే చూస్తున్నాడు.

"గిచ్చుతున్నాను, తెలుత్తుందా?"

"గిచ్చుతున్నావా?"

"ఈ కాలుతోనా నువ్వు చూసింది! గచ్చు మీద పెరిగిన పిల్లయ్యా అది. దాని పాదం నా చెంప లాంటిది, నీ మడమ లాంటిది కాదు" అంది. అని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం సెబాస్టియన్ ఒంటరిగా ఆ రేవు రోడ్డు మీదకి వెళ్ళి, వంగి, అరచెయ్యి తిరగేసి నేల మీద ఆనించాడు. అయిదు లెక్కపెట్టేలోగా చెయ్యి లాగేసుకున్నాడు. నిన్న దాన్ని ఇక్కడే రమ్మని బుజ్జగించాడు. అది వచ్చింది. ఆయన చెట్టు మొదట్లో కూర్చుండిపోయాడు. ఎండలో చావనివ్వనని మాటిచ్చినవాడే చేతులారా చంపబోయాడు.

ఇంటి దగ్గర నేజ్ లేవడం లేదు. జోసెఫిన్ పాదాలకి వెన్న రాసి మెత్తటి గుడ్డ చుట్టింది. చల్లటి గంజి పెడితే మొహం తిప్పుకుంది. రెండో రోజూ తినలేదు. మూడో రోజు ఊపిరి పైపైనే ఆడుతోంది. గుంటలోకి పోలేదు, బయటికి రాలేదు, ఇంటి మధ్యలో చాప మీద అలా పడి ఉంది. సెబాస్టియన్‌కి విసనకర్ర పట్టుకుని విసిరీ విసిరీ చెయ్యి పడిపోయేది. కాసేపు ఆపితే చాలు, మళ్ళీ రొప్పు.

"చెయ్యి ఎంతసేపు ఆడుద్దయ్యా, మడిసివేగా" అంది జోసెఫిన్.

చెయ్యి ఆడదు. మరి కాలు? సెబాస్టియన్ దిగ్గున లేచాడు. రెండు వెదురు గెడలు, పాత ఈత చాప, నులక తాడు, బావి దగ్గర విరిగి పడి ఉన్న కప్పీ పోగుచేశాడు. చాపని గెడల మధ్య కుట్టి తాటాకింటి దూలానికి వేలాడదీశాడు. ఇల్లంతా కలిపి బంగళా వరండాలో సగం లేదు, దానికి పంకా! పేటలో వాళ్ళు తొంగిచూసి, "సెబాస్టీ దొరగారూ, దణ్ణాలండోయ్!" అని నవ్విపోయారు. "నవ్వుకోండి" అని జోసెఫిన్ వాళ్ళ మొహం మీదే తలుపు చేరేసి, వాళ్ళు పోయాక తీసి, గుమ్మానికి వట్టివేళ్ళ తడిక తనే కట్టి, నీళ్ళు చల్లింది.

సెబాస్టియన్ గోడ వార వెల్లకిలా పడుకున్నాడు. తాడు బొటనవేలికి తగిలించుకున్నాడు. ఏడాదిగా పని లేని వేలయినా, కాయ మీద తాడు సరిగ్గా పాత గాడిలోనే కూర్చుంది. లాగాడు. చాప కిర్రుమని ఊగింది. తడిక మీది చలవని గది మధ్యకి తెచ్చింది.

తల కాస్త ఎత్తి చూశాడు. నేజ్ చెవి మీది బొచ్చు కదిలింది. లాగినప్పుడల్లా లేస్తోంది, వదిలినప్పుడల్లా పడుతోంది. అదే చూస్తూ ఉండిపోయాడు సెబాస్టియన్. ముప్పై ఏళ్ళు లాగాడు గానీ, ఎప్పుడూ మధ్యన గోడే. తన గాలి వెళ్ళి ఎవరికి తగిలిందో, తగిలితే వాళ్ళ మొహం ఎలా ఉంటుందో ఒక్కనాడూ కళ్ళతో చూడలేదు.

ఆ మధ్యాహ్నమంతా కాలు ఆగలేదు. పొద్దువాలే వేళకి నేజ్ రొప్పు నెమ్మదించింది. మెడ ఎత్తి అటూ ఇటూ చూసి, పంకా కేసి చూసి, ఓ పెద్ద నిట్టూర్పు విడిచింది, ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందా మీకు అన్నట్టు. జోసెఫిన్ గంజి మూకుడు దగ్గరికి జరిపింది. నేజ్ సగం తాగేసింది.

"తాగేసిందయ్యా! ఇదిగో చూడు, తాగేసింది!"

"చూత్తున్నానే" అన్నాడు సెబాస్టియన్. కళ్ళు మసకలు కమ్మి నిజానికి ఏమీ కనిపించడం లేదు.

మరుసటి రోజు మధ్యాహ్నం జోసెఫిన్ వడ్లు దంచి ఇంటికొచ్చింది. ఒళ్ళంతా చెమట, తవుడు. రవిక వీపుకి అంటుకుపోయింది. లోపలికొచ్చి నేజ్ పాదాల గుడ్డలు మార్చింది. మార్చాక లేవబోయి, లేవలేక, కాసేపే కదా అని కుక్క పక్కనే చాప మీద వాలింది.

గాలి ఆమె మొహం మీదకొచ్చింది. నెరిసిన ముంగురులు లేచాయి. జోసెఫిన్ ఉలిక్కిపడినట్టు కళ్ళు తెరిచింది. పైన ఊగుతున్న చాపని చూసింది, అక్కణ్ణుంచి తాడుని, తాడు కొసన ఆ వంకర వేలిని.

"ఏవయ్యా."

"ఊఁ."

"ఇంత సల్లగా ఉంటాదా నీ గాలి?"

సెబాస్టియన్ దూలం కేసి చూశాడు. ముప్పై ఏళ్ళుగా ఆమె వడ్లు దంచి వస్తూనే ఉంది. ముప్పై ఏళ్ళుగా తన కాలు ఆడుతూనే ఉంది. చాప, తాడు, దూలం ఇంట్లో ఎప్పుడూ ఉన్నవే.

జోసెఫిన్ చెయ్యి నేజ్ మీద వేసి కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఇద్దరి ఊపిరీ ఒకే తీరున పడింది. సెబాస్టియన్ తాడుని వేలికి ఇంకో చుట్టు చుట్టాడు. ఆమె జుట్టు వైపే చూస్తూ, అది లేచేటట్టు, నెమ్మదిగా లాగాడు.